పై పోర్షన్‌లో శోకం

పోయిన నెల ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్‌లో బ్యాగులు తనిఖీ చేసే చోట క్యూ ఆగిపోయింది. విజయవాడ బస్సులు దిగినవాళ్లు, సాగర్ రోడ్డు నుంచి వచ్చినవాళ్లు, మొత్తం మీద రంగారెడ్డి జిల్లా అంతా నా వెనకే నిలబడి ఉంది. అందరికంటే ముందు ఒక పెద్దాయన. ఆయన సంచి మిషన్‌లోంచి వెళ్తున్నప్పుడు తెర మీద ఏం కనపడిందో ఏమో, సెక్యూరిటీ కుర్రాడు దాన్ని బల్ల మీద బోర్లించి ఒక్కొక్క వస్తువే పైకెత్తి చూస్తున్నాడు.

"గిదేంది సార్?"

"గడ్డం నాయనా."

"మరి గిది?"

"అదీ గడ్డమే. తెల్లది మునిది, నల్లది దొంగది. మునిది కాస్త మెల్లిగా పట్టుకో, వెంట్రుకలు రాలుతున్నాయి."

"గీ పైపు ముక్క?"

"అది వేలికి తొడుక్కుని గిటారు వాయిస్తారు."

"పైపుతోని గిటారా?" పై అధికారిని పిలవాలా వద్దా అని కుర్రాడు ఆలోచనలో పడ్డాడు. "అసలు మీరు జేసే పనేంది సార్?"

ఆ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పడం మొదలుపెడితే ఆఖరి రైలు కూడా వెళ్లిపోతుంది. ఆ గొంతు నాకు తెలుసు కాబట్టి ఆ సంగతీ తెలుసు. ముందుకు తోసుకుపోయి, "తమ్మీ, సార్ నాటకాల మనిషి. సార్‌కు నేను జమానతు" అన్నాను. కోటేశ్వరరావు గారు వెనక్కి తిరిగి నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఎవరూ, సరితా? మా ఇంటిగలాయన కూతురివి కదూ!" అన్నారు. ఆ ఇల్లు పడగొట్టి ఎన్నో ఏళ్లయింది. అయినా మా బాపు ఆయనకు ఇంకా ఇంటిగలాయనే. "పై ఆదివారం ఇక్కడే, ఎల్బీ నగర్లోనే ఆట ఉంది. మీ నాన్నగార్ని తీసుకురా అమ్మా. రానంటే ఎత్తుకురా" అన్నారు.

ఒకప్పుడు ఈ మనిషినే సామాన్లతో సహా ఎత్తి రోడ్డు మీద పెట్టాలని మా బాపు పట్టుబట్టాడు. అప్పుడేం జరిగిందో చెప్పాలి.

అప్పట్లో మా ఇల్లు గడ్డిఅన్నారంలో, పళ్ల మార్కెట్టు వెనక గల్లీలో ఉండేది. మన్సూరాబాద్ వైపున్న మా ద్రాక్షతోట ప్లాట్లయిపోయాక బాపు కట్టిన ఇల్లు అది. మాకు క్యాలెండరుతో పని ఉండేది కాదు, ముక్కు ఉంటే చాలు. ఎండాకాలంలో ఇల్లంతా మామిడిపండు. ఉతికిన బట్టలు మామిడిపండు, పప్పుచారు మామిడిపండు, నా డిగ్రీ పుస్తకాలు కూడా బంగినపల్లి రసంతో అచ్చేసినట్టుండేవి. ఆ తర్వాత బత్తాయిలు, ఆ తర్వాత కుళ్లిన బత్తాయిలు. తెల్లవారకముందే లారీల హారన్లు మొదలయ్యేవి. దేశంలో ఉన్న లారీలన్నీ మా గల్లీ మొగలోనే రివర్స్ తీసుకునేవని నా అభిప్రాయం. ఈ గోలంతటికీ అధ్యక్షురాలిగా మా నాయనమ్మ మల్లమ్మ ముందు మెట్టు మీద కూర్చునేది. ఆవిడకు తెలియకుండా ఆ గల్లీలోకి కుక్క కూడా వచ్చేది కాదు. వస్తే ఎవరింటి కుక్క, ఎందుకొచ్చింది అని అడిగి గానీ పంపేది కాదు.

నాయనమ్మకు ఇంకో హోదా ఉండేది. చుట్టుపక్కల ఎక్కడ చావు జరిగినా ముందు ఆవిడకే కబురొచ్చేది. శోకం పెట్టి ఏడవడంలో ఆవిడను మించినవాళ్లు మూసీకి ఇవతల లేరు. పోయినవాళ్లు ఏం తిన్నారో, ఎవరిని తిట్టారో, ఏ పని సగంలో వదిలేశారో అన్నీ రాగంలో పెట్టి ఒక్కొక్క మాట అంటుంటే, చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు అందుకుని జవాబిచ్చేవాళ్లు. అల్మాస్‌గూడలో ఒక ముసలాయన పోయినప్పుడు ఆవిడ ఏడుపు విని, ఆయనతో ఇరవై ఏళ్లు కోర్టులో కొట్లాడిన దాయాదులు వచ్చి పాడె పట్టుకున్నారు. మా బాపుకు మాత్రం తల్లి ప్రతిభ మీద గౌరవం లేదు. ప్లాట్ల వ్యాపారం ఆయనది. ప్లాటు కొనేవాళ్లకు శకునం ముఖ్యం. బయానా ఇవ్వడానికి వచ్చినవాడి చెవిన ఏడుపు పడిందంటే వాడు వచ్చిన స్కూటరు మీదే వెనక్కి పోతాడు. "అవ్వా, నీ ఏడుపంత బయట్నే ఏడ్చి రా, ఇంట్ల మాత్రం వద్దు" అని చెప్పి పెట్టుకున్నాడు.

అలాంటి ఇంటి పై పోర్షన్‌లోకి కోటేశ్వరరావు గారు, ఆయన భార్య భారతిగారు కిరాయికి దిగారు. తెనాలి వైపు వాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ మధ్య వాళ్లు ఉండని వీధి లేదు, ఖాళీ చేయించని ఓనరు లేడు. ఆవిడ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడిలో లెక్కల టీచరు. ఆయన ఏం చేస్తారని బాపు అడిగితే, "కళాకారుణ్ణండీ. ఇంట్లో కాస్త సంగీతం ఉంటుంది" అన్నారు. బాపు భజనలనుకున్నాడు.

ఆయన చేసే పనులు పై పోర్షన్‌లో పట్టేవి కావు. పొద్దున్నే ఉప్పునీళ్లు పుక్కిలించి పద్యం ఎత్తుకుంటే మార్కెట్లో హమాలీలు గంపలు దించి చూసేవాళ్లు. తర్వాత డాబా మీద తెరలు పరిచి రాజదర్బారు రంగులు వేసేవారు. ఆరేసిన మా చీరల మీద ఆ దర్బారులోని స్తంభాలు ఇంకా ఉన్నాయి. మధ్యాహ్నం ఏదో ఒక బడిలో వార్షికోత్సవానికి పిల్లలకు డాన్సు నేర్పేవారు. సాయంత్రం పెళ్లి ఆర్కెస్ట్రాలో గిటారు. నాటకం ఉన్న రోజు పరిస్థితి మరీ విచిత్రం. ఆయన నాటక సమాజంలో మనుషులు తక్కువ, పాత్రలు ఎక్కువ. మొదటి అంకంలో మంత్రిగా చచ్చిపోయి, తెర వెనక్కి దొర్లి, మీసం మార్చుకుని, తన శవాన్ని మోసే భటుడిగా వచ్చేవారు. శవం బదులు మా ఇంటి దిండు. అంతా అయ్యాక పరుగెత్తి హార్మోనియం ముందు కూర్చుని తన చావుకు తానే విషాద సంగీతం వాయించేవారు.

ఇవన్నీ ఆయన బతుకుతెరువు. ఇష్టం మాత్రం బ్లూస్ మీద. కుర్రతనంలో సికింద్రాబాద్‌లో ఒక హోటల్లో వాయించే ముసలి గిటారిస్టు దగ్గర నేర్చుకున్నారట. అమెరికాలో పత్తిచేలల్లో పనిచేసిన నల్లవాళ్ల పాట అనీ, ఒక మాట అని, మళ్లీ అదే మాట అని, మూడోసారి దానికి జవాబు చెప్పడమే అందులో కిటుకు అనీ నాకు వివరించేవారు. నల్లా పైపు ముక్క ఒకటి చిటికెన వేలికి తొడుక్కుని తీగల మీద జారిస్తే గిటారు మూలిగేది. ఆయన కూడా దానితో పాటు మూలిగేవారు. ఇంగ్లీషు రాగానికి తెలుగు మాటలు కట్టి పాడేవారు. పెళ్లిళ్లలో దాన్ని ఎవరూ వాయించనివ్వరు. నాటకాల్లో అసలే వద్దంటారు. అందుకని మామూలుగా నాయనమ్మతో సహా అందరూ బయటికి పోయిన వేళ చూసి, తలుపు వేసుకుని పాడుకునేవారు.

ఒక రోజు పొద్దున భారతిగారు చెంప పట్టుకుని, ఆయన భుజం మీద వాలి, మూలుగుతూ ఆటో ఎక్కారు. పన్ను పీకించుకోవడానికి. మెట్టు మీద కూర్చున్న నాయనమ్మకు పన్ను సంగతి ఎవరూ చెప్పలేదు. ఆటో మలక్‌పేట దవాఖాన వైపు తిరగడం మాత్రం చూసింది. కాస్సేపటికి ఆయన ఒక్కరే తిరిగొచ్చారు. డాక్టరు దగ్గర జనం ఉన్నారు, మీరు పోయి రిహార్సలు చేసుకోండి అని భారతిగారే పంపేశారట. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా పైకి పోయి తలుపేసుకున్నారు. ఇంకొంతసేపటికి పైనుంచి మూలుగు మొదలైంది. "ఓ... పోయినావా... నన్నొదిలీ... పోయినావా..."

నాయనమ్మ చేతిలోని తంబాకు డబ్బా కింద పడింది.

"అయ్యో బిడ్డా! సరితా, పైన పంతులమ్మ పోయింది!"

"ఎవలు జెప్పిండ్రు?"

"ఎవలన్న జెప్పాల్నా? ఇంటున్నవు గద! పరాయి ఊరోళ్లు, ఈడ వాళ్లకు నా అన్నోళ్లు లేరు. ఆయినొక్కడే కూసోని ఏడుస్తుండు. మనం పోకపోతె ఇంకెవలు పోతరు? పో, పక్కింటి పుష్పమ్మను పిలువు. ఎదురింటామెను గూడ రమ్మను."

అది ఆయన పాటేమో అని నేను అనేలోపే ఆవిడే కేకేసింది, ఒక్క నిమిషంలో గల్లీ అంతా మా మెట్ల మీద ఉంది. నాయనమ్మ కొంగు నడుముకు చుట్టి, మెట్లెక్కుతూనే ఎత్తుకుంది. "ఓ నా బిడ్డో... ఆవకాయ జాడి నింపితివి బిడ్డో... మూత వెట్టకనే పోతివా బిడ్డో..." వెనక పుష్పమ్మ, "పోతివా బిడ్డో..." నల్లా కాడ భారతిగారు ఎవరితోనూ కొట్లాడేవారు కాదు, అది వచ్చింది శోకంలో. మా గల్లీ పిల్లలకు ఎక్కాలు చెప్పేవారు, అదీ వచ్చింది. తలుపు తోసేసరికి లోపల ఆయన కళ్లు మూసుకుని వాయిస్తున్నారు. ఇన్నేళ్లుగా గోడలకు వినిపించిన పాటకు మొదటిసారి జవాబు వచ్చింది. కళ్లు తెరిస్తే అది ఆగిపోతుందేమో అన్నట్టు ఆయన తెరవనేలేదు. ఆయన ఒక వాక్యం, నాయనమ్మ ఒక వాక్యం, గిటారు మూలుగు, ఆడవాళ్ల జవాబు. చావు లేదన్న మాట పక్కన పెడితే అంత మంచి చావు నేను ఇంతవరకు చూడలేదు. నాక్కూడా ఏడుపొచ్చింది.

అప్పుడు భారతిగారు వచ్చారు. నోటి నిండా దూది, చెంప బత్తాయిలా వాచి ఉంది. గుమ్మంలో నిలబడి తన గుణగణాలు తానే విన్నారు. ఏదో అందామంటే నోట్లోంచి "ఊ... ఊ..." తప్ప రాలేదు. పుష్పమ్మ వెనక్కి తిరిగి చూసి, కెవ్వుమని అరిచి, గిటారు పెట్టె మీద పడింది. నాయనమ్మ ఒక్కతే తొణకలేదు. దగ్గరికి పోయి ఆవిడ చెంప తడిమి, "ఉన్నవా బిడ్డా? మంచిగయింది. కూసో, జర మంచినీళ్లు తాగు" అంది.

సరిగ్గా ఆ వేళకే కింద బాపు ఒక పార్టీకి ప్లాటు లేఔటు పరిచి చూపిస్తున్నాడు. పార్టీ పై కప్పు వంక చూశాడు, చెప్పులు వేసుకున్నాడు, పోయాడు.

బాపు పైకి వచ్చి చెప్పిన మాటలు పొదుపుగానే ఉన్నాయి. "బతికున్న మనిషికి శోకం వెట్టిండ్రు. గింతకంటె అపశకునం ఇంకేముంటది? సార్, మీరు మంచోళ్లే. కానీ అమాస దాటినంక నా ఇంట్ల ఉండొద్దు."

"తప్పు మా ఆవిడది కూడా ఉందండీ, పన్ను సంగతి చెప్పి వెళ్లాల్సింది" అన్నారు కోటేశ్వరరావు గారు. బాపు నవ్వలేదు.

మర్నాడు దూది తీసేశాక భారతిగారు మా వంటింట్లో కూర్చుని మా అమ్మతో చెప్పిన మాట మాత్రం తమాషాది కాదు. "ఇంక ఇల్లు మారే ఓపిక నాకు లేదు పిన్నీ. తెనాలిలో మా అన్నయ్య సిమెంటు కొట్లో ఈయన కోసం కుర్చీ వేసి ఉంచాడు. ఇక్కణ్ణుంచి లేవాల్సొస్తే అక్కడే కూర్చోవాలని మాట తీసుకున్నాను. నాటకం వద్దు, గిటారు వద్దు." మా అమ్మ ఆవిడ పళ్లెంలో మెత్తటి అన్నం వడ్డించింది. నేను పైకి పోయి చూశాను. ఆయన డాబా మీద తెరకు రంగు వేస్తున్నారు. అమావాస్యకు ముందు ఒక్క ఆట ఉంది. అదే ఆఖరిదని ఆయనకూ తెలుసు.

ఆ నాటకంలో ఆయనది పట్నం వలస వచ్చిన పాలేరు వేషం. చివర్లో తనతో వచ్చిన స్నేహితుడు చచ్చిపోతే పాలేరు ఏడవాలి. రాసి ఉన్నది పెద్ద పద్యం. ఆఖరి ఆటే కదా, పద్యం బదులు బ్లూస్ పాడతానన్నారు ఈయన. "పాలేరు దగ్గరికి గిటారు ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా?" అన్నాడు సమాజం పెద్ద. "పద్యం ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అన్నారు ఈయన. సమాజం పెద్ద విసుగ్గా చెయ్యి ఊపాడు. ఈయన దాన్ని అనుమతి కింద తీసుకున్నారు.

అప్పుడాయన తిన్నగా మా మెట్టు దగ్గరికి వచ్చి నాయనమ్మ ముందు కూర్చుని పాడి వినిపించారు. "మామ్మగారూ, సరిగ్గా ఉందా?"

"అంత నువ్వే ఏడుస్తున్నవు గద కోటయ్యా. జర ఆగు. పక్కోళ్లను గూడ ఏడ్వనియ్యి."

"స్టేజీ మీద పక్కన ఎవరూ ఉండరండీ. శవం ఒక్కటే ఉంటుంది."

"అయినా ఆగు. ఆగకపోతె అది శోకమెట్లయితది? లొల్లి అయితది."

ఆట దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. చూస్తానని నాయనమ్మ మంకుపట్టు పట్టింది. ఆమెను ఒంటరిగా పంపలేక బాపు కూడా వచ్చి, పోలీసు కాపలాకు వచ్చినట్టు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పాలేరు స్నేహితుడు చచ్చిపోయాడు. కోటేశ్వరరావు గారు గిటారు ఎత్తుకున్నారు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఒక మాట పాడి, ఆగారు. ఏమీ లేదు. ఫ్యాన్ల చప్పుడు. హార్మోనియం అతను ఆయన పాట మరిచిపోయారనుకుని మెల్లిగా అందించబోయాడు. ఆయన వద్దని తల ఊపి, మళ్లీ అదే మాట పాడి, మళ్లీ ఆగారు. శవం కూడా ఒక కన్ను తెరిచి చూసింది. ఆ నిశ్శబ్దంలోంచి ఆయన సరాసరి తెనాలి సిమెంటు కొట్టు దాకా పోతున్నట్టు నాకు కనపడింది. భారతిగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. సిమెంటు కొట్టు కావాలన్న మనిషి పట్టు కాదది.

మూడోసారి ఆయన ఆగేసరికి నాయనమ్మ లేచింది.

"అవ్వా, కూసో" అన్నాడు బాపు పళ్లు బిగించి.

"ఒక్కడే ఏడుస్తుంటె సినిమా సూసినట్టు సూస్తరా? మీకు మనసున్నదా?" అని హాలు మొత్తాన్నీ కడిగేసి, "ఓ నా కొడుకో..." అని ఎత్తుకుంది. మైకు అక్కర్లేని గొంతు. గిటారు దాని కిందికి వచ్చి చేరింది. వెనక వరసల్లో ఎవరో ముసలావిడ అందుకుంది, తర్వాత ఇంకో ఆవిడ. అయిపోయాక హాలు ఈలలతో, "వన్స్ మోర్"లతో అదిరింది. నాటకాల్లో వన్స్ మోర్ అంటే కాదనకూడదు. శవం సర్దుకుని పడుకుంది, పాలేరు మళ్లీ ఏడ్చాడు, నాయనమ్మ మళ్లీ జవాబిచ్చింది. నా అంచనా ప్రకారం తెల్లారేదాకా సాగేదే, కానీ హాలు వాచ్‌మన్ తాళాలు ఆడించాడు.

ఇంటి ముందు ఆటో దిగాం. నాయనమ్మ బాపుతో అంది. "కొడుకా, కోటయ్య పోతె నా చీరెలు గూడ మూట గట్టు. వరంగల్ల ఆట ఉన్నదంట. నన్ను గూడ రమ్మన్నడు."

"నువ్వు పోయి స్టేజీల మీద ఏడుస్తవా? నలుగురు ఏమంటరు?"

"నలుగురు గాదు, నాలుగు వందల మంది వన్స్ మోర్ అన్నరు. నువ్వు పక్కనే కూసోని ఇనలేదా?"

కిరాయిదారుణ్ణి పంపేద్దామని బయల్దేరితే తల్లే పోయేలా ఉంది. బాపు చాలాసేపు పై పోర్షన్ కిటికీ వంక చూశాడు. మర్నాడు పొద్దున మేస్త్రీని తీసుకొచ్చి పై పోర్షన్ కిటికీలకు చప్పుడు కిందికి రాకుండా దళసరి తలుపులు పెట్టించాడు. "పొమ్మనాలనుకున్న వాళ్లకు ఎవరూ కిటికీలు చేయించరు" అని భారతిగారు లెక్క చూసి తేల్చారు. సిమెంటు కొట్లో కుర్చీ ఎవరికిచ్చారో తెలీదు.

ఆ తర్వాత నాయనమ్మ ఊరూరా ఆటలకు వెళ్లింది. సమాజం వాళ్లు ఆవిడకు ప్రతి ఆటలో ముందు వరస కుర్చీ ఇచ్చేవాళ్లు. స్టేజీ మాత్రం ఎక్కనంది. ఏడ్చేవాళ్లు జనంలోనే ఉండాలట. ఆవిడ పోయినప్పుడు ఏడవడానికి తెలిసినవాళ్లు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. ఇప్పుడు లేరు. మా అపార్టుమెంట్లో ఎవరైనా పోతే ఫ్రీజర్ పెట్టె వస్తుంది, స్పీకర్లో పాట వస్తుంది, వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే బొమ్మలు వస్తాయి. లిఫ్టులో కలిసినప్పుడు జనం గొంతు తగ్గించి మాట్లాడతారు, అంతే. పళ్ల మార్కెట్టు కూడా ఊరవతలికి పోయింది. ఎండాకాలం వచ్చిందని ఫోను చూస్తే గానీ తెలియడం లేదు.

ఆదివారం బాపును ఎత్తుకుపోవాల్సిన పని పడలేదు. చెప్పగానే ఇస్త్రీ చొక్కా అడిగాడు. ఎల్బీ నగర్ హాల్లో ఏసీ, మెత్తటి కుర్చీలు, చేతుల్లో ఫోన్లు. కోటేశ్వరరావు గారు ఒక్కరే స్టేజీ మీద, తెల్లగడ్డంతో. గడ్డం ఇప్పుడు సొంతంగా పెంచినా తెల్లగానే వస్తుంది, అయినా అంటించారు. పాత పాలేరు పాటే ఎత్తుకున్నారు. ఒక మాట పాడి, ఆగారు. నాయనమ్మ అందుకునే చోటు అంతా అలాగే ఖాళీగా వదిలారు. పాట అయిపోయిందనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన మళ్లీ పాడి, మళ్లీ ఆగారు. మళ్లీ చప్పట్లు.

బాపు కర్ర నేలకు మోపి లేచి నిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి, నేను పట్టుకునేలోపే వెనక్కి తిరిగాడు.

"సప్పట్లు ఆపుండ్రి" అన్నాడు. "మా అవ్వ పాడుతున్నది."

హాలు ఆగిపోయింది. కోటేశ్వరరావు గారు గిటారు మీద చెయ్యి ఆనించి, ఆవిడ ముగించేదాకా ఆగి, తర్వాతి మాట అందుకున్నారు.